ఏ ఊరి గాలి, ఎవరి లెక్క?



మాకు వార్డులో వైద్యం నేర్పిన మాస్టారి పేరున జరిగే ఈ స్మారకోపన్యాసానికి పిలిచినప్పుడు ఏదైనా కొత్త మందు గురించి చెప్పమని అడిగారు. నేను లెక్కల గురించి మాట్లాడతానన్నాను. కారణం చెబుతాను. మాస్టారు కేస్‌షీటు చేతిలోకి తీసుకుంటే ముందుగా జబ్బు పేరు చూసేవారు కాదు. రోగి వృత్తి రాసిన గీత చూసేవారు. అక్కడ ‘కూలి’ అనో ‘గృహిణి’ అనో ఉంటే కాగితం తిరిగి మా చేతిలో పెట్టేవారు. ఏం కూలి? ఎలాంటి ఇంట్లో గృహిణి? వెళ్లి కనుక్కుని రమ్మనేవారు.

1989లో నేను హౌస్ సర్జన్‌ని. నలభై ఏళ్ల ఒకావిడ పొడిదగ్గు, ఆయాసంతో వచ్చింది. అప్పటికి రెండేళ్లలో మూడుసార్లు టీబీ మందులు వాడించారు. కళ్లెలో ఒక్కసారి కూడా క్రిమి కనిపించలేదు. నాలుగోసారి నేను కూడా ‘టీబీ’ అనే రాశాను. మాస్టారు నా స్టెతస్కోప్‌ను ఆవిడ వీపు అడుగుభాగాన పెట్టి, గాలి పూర్తిగా లోపలికి పీల్చమన్నారు. ఊపిరి చివర్లో పట్టుచీర మడత విప్పినట్టు సన్నని కరకర. తరువాత ఆయనే ఆవిడ మంచం పక్కన కూర్చుని ఇంటి సంగతులు అడిగారు. భర్తకు పావురాల పిచ్చి. మేడ మీద డెబ్భై దాకా పావురాలు. రోజూ పొద్దున్నే ఆ గూళ్లు ఊడ్చేది ఈవిడే. నేను రాసిన ‘గృహిణి’ అనే ఒక్క మాట కింద డెబ్భై పావురాలు ఉన్నాయి.

ఆవిడ జబ్బు ఊపిరితిత్తుల గాలిగదుల లోపల లేదు. గాలిగదికీ రక్తనాళానికీ మధ్య ఉండే పల్చటి గోడలో ఉంది. ఆ గోడ వాచి, మందమై, చివరికి మచ్చకట్టి బిగుసుకుపోతే ప్రాణవాయువు రక్తంలోకి దాటలేదు. ఇలా గోడను పట్టే రెండు వందలకు పైగా జబ్బులను కలిపి ఇంటర్‌స్టిషియల్ లంగ్ డిసీజ్, పొట్టిగా ఐ.ఎల్.డి. అంటాం. కొన్ని కీళ్లవాతం, స్క్లెరోడెర్మా వంటి జబ్బుల వెంట వస్తాయి. కొన్ని రాతిధూళి వల్ల, కొన్ని పక్షుల రెట్ట, బూజు పడకపోవడం వల్ల వస్తాయి. సార్కాయిడోసిస్ ఒకటి ఉంది, దాని మూలం ఇప్పటికీ తేలలేదు. ఏ కారణమూ దొరకనివాటిలో అన్నిటికన్నా క్రూరమైనది ఇడియోపతిక్ పల్మనరీ ఫైబ్రోసిస్, ఐ.పి.ఎఫ్. బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్‌లో లూయీ హామన్, ఆర్నాల్డ్ రిచ్ 1944లో నలుగురు రోగుల కథ ప్రచురించినప్పుడు ఇలా గోడ మచ్చకట్టడమే వైద్యలోకానికి వింత. వింతగా ఉన్నంతకాలం ఎవరూ ఏ జబ్బునూ లెక్కపెట్టరు.

మొదటిసారి బుద్ధిగా కూర్చుని లెక్కపెట్టింది అమెరికాలోని న్యూమెక్సికో రాష్ట్రం, బెర్నలీయో కౌంటీలో. ఆల్బకర్కీ నగరం ఉన్న ప్రాంతం అది. అప్పటి జనాభా సుమారు ఐదు లక్షలు, మన దగ్గర ఒక రెవెన్యూ డివిజనంత. కూల్టాస్ అనే వైద్యుడి బృందం 1988 అక్టోబరులో ఒక రిజిస్టరు తెరిచింది. ఊపిరితిత్తుల వైద్యుల దగ్గరికి వెళ్లారు, ఆసుపత్రి డిశ్చార్జి కాగితాలు తిరగేశారు, పాథాలజీ రిపోర్టులు, మరణ ధ్రువపత్రాలు, శవపరీక్ష నివేదికలు చూశారు. జబ్బు ఏ గుమ్మం గుండా బయటపడినా పట్టుకోవాలన్నది వాళ్ల పట్టుదల. 1994లో వచ్చిన ఫలితం: లక్ష మంది మగవాళ్లలో 80.9 మందికి, లక్ష మంది ఆడవాళ్లలో 67.2 మందికి జబ్బు ఉంది. ఏటా కొత్తగా వచ్చేవాళ్లు మగవాళ్లలో లక్షకు 31.5, ఆడవాళ్లలో 26.1.

ఈ అంకెలు ప్రతి పాఠ్యపుస్తకంలోనూ ఉన్నాయి. అదే పరిశోధనలోని మరో అంకెను ఎక్కువమంది గమనించరు. వేరే కారణాలతో చనిపోయినవారి శవపరీక్షల్లో, బతికుండగా ఎవరూ గుర్తించని ఐ.ఎల్.డి. 1.8 శాతం మందిలో కనిపించింది. లక్షకు 1,800. శవపరీక్షకు వచ్చేవారు ఊరి జనాభాకు నమూనా కారు, నిజమే. అయినా ఎనభై ఎక్కడ, పద్దెనిమిది వందలు ఎక్కడ! అంత శ్రద్ధగా వెతికినవాళ్ల కళ్లు కూడా ఇంత జబ్బును దాటిపోయాయి. ఆ అంకె చదివిన తరువాత ‘మా ప్రాంతంలో ఈ జబ్బు అరుదు’ అని ఎవరైనా అంటే, ఎవరు వెతికారని అడగడం నాకు అలవాటైంది.

బెర్నలీయో తరువాత గ్రీసు లెక్క వచ్చింది. లక్షకు 17.3. పారిస్‌ను ఆనుకుని ఉన్న సెన్-సాన్-దెనీ జిల్లాలో 2012కు లక్షకు 97.9. గ్రీసు గాలి అంత మంచిదా, పారిస్ శివారు గాలి అంత చెడ్డదా? కాదు. గ్రీసులో ఊపిరితిత్తుల విభాగాలు పంపిన కేసులు లెక్కించారు. ఫ్రాన్స్‌లో ఆసుపత్రులు, ప్రైవేటు వైద్యులు, సామాజిక భద్రత సంస్థ రికార్డులు అన్నీ పక్కపక్కన పెట్టి, ఒక్కో కేసును నిపుణులు మళ్లీ చూశారు. వల కన్ను ఎంత సన్నగా ఉంటే అంత చేప. అయితే వల తేడాతో తీరిపోని సంగతి కూడా ఆ ఫ్రెంచి జిల్లాలో ఉంది. ఉత్తర ఆఫ్రికా నుంచి, సహారా దిగువ దేశాల నుంచి, కరేబియన్ దీవుల నుంచి వచ్చి స్థిరపడిన జనం అక్కడ ఎక్కువ. కేసుల్లో 42.6 శాతం సార్కాయిడోసిస్. ఒకే జిల్లా, ఒకే వైద్యులు, ఒకే వల. అయినా యూరప్ మూలాలున్నవారికన్నా ఆఫ్రికా, కరేబియన్ మూలాలవారిలో సార్కాయిడోసిస్ ఎక్కువగా తేలింది. అంతకుముందే డెట్రాయిట్‌లోనూ ఇదే కనిపించింది. అక్కడ ఏటా కొత్త కేసులు నల్లజాతీయుల్లో లక్షకు 35.5, తెల్లవారిలో 10.9. స్వీడన్‌లో లక్షకు 11.5 కాగా, జపాన్‌లో ఒకటి. ఈ తేడాను గుమాస్తా పొరపాటుగా కొట్టిపారేయలేం.

లెక్క మార్చేది వల ఒక్కటే అనుకోకండి, పేరు కూడా మారుస్తుంది. ఐ.పి.ఎఫ్.ను చూడండి. అమెరికాలో ఒక పెద్ద ఆరోగ్య బీమా సంస్థ రికార్డులతో గణేశ్ రఘు బృందం 2006లో లెక్క వేసింది. కంప్యూటర్‌లో జబ్బు కోడ్ ఉన్నవాళ్లందరినీ కలుపుకుంటే లక్షకు 42.7. సీటీ గానీ బయాప్సీ గానీ జరిగిన దాఖలా కూడా ఉండాలంటే లక్షకు 14. అదే దేశం, అదే సంవత్సరాలు, అదే మనుషులు. నిబంధన ఒకటి చేర్చగానే రోగుల్లో మూడింట రెండు వంతులమంది మాయమయ్యారు. అదే బృందం తరువాత అరవై ఐదేళ్లు దాటినవారి ప్రభుత్వ బీమా రికార్డులు చూసింది. 2001లో లక్షకు 202 ఉన్న ఐ.పి.ఎఫ్. 2011కు 494 అయింది. పత్రికల్లో ఇలాంటి అంకె పడితే జబ్బు ఉప్పెనలా వచ్చిందనే అంటారు. కాని ఆ పదేళ్లలో ఏటా కొత్తగా వచ్చే కేసులు దాదాపు మారలేదు. చెరువులోకి వచ్చే నీరు అంతే, అలుగు మీదుగా పోయే నీరు తగ్గింది. అందుకే మట్టం పెరిగింది. రోగులు కొంచెం ఎక్కువకాలం బతుకుతున్నారు. అది మంచివార్త, చాలామంది దాన్ని చెడువార్తగా చదివారు.

ఇన్ని జాగ్రత్తలు తీసుకుని పరిశోధకులు ఐ.పి.ఎఫ్. మీద దేశదేశాల లెక్కలు ఒకచోట పెడితే, యూరప్, ఉత్తర అమెరికాల్లో ఏటా కొత్త కేసులు లక్షకు 3 నుంచి 9 మధ్య అని తేలింది. తూర్పు ఆసియాలోనూ, దక్షిణ అమెరికాలోనూ అంతకన్నా తక్కువ అన్నారు. జన్యువుల్లో దానికి కొంత ఆధారం దొరికింది. శ్వాసనాళాల్లో జిగురు తయారుచేసే ముక్-5-బి అనే జన్యువు ముందుభాగంలో ఒక చిన్న మార్పు ఉంటుంది. 2011లో అమెరికన్ పరిశోధకులు చూస్తే ఐ.పి.ఎఫ్. రోగుల జన్యు ప్రతుల్లో 38 శాతంలో, ఆరోగ్యవంతుల జన్యు ప్రతుల్లో 9 శాతంలో అది కనిపించింది. ఈ మార్పు యూరప్ మూలాలవారిలో మామూలే. జపాన్, కొరియా, చైనా ప్రజల్లో చాలా అరుదు. కథ ఇక్కడితో సరిపోయిందనుకునేలోగా, 2021లో వచ్చిన మరో సమీక్షలో ఐ.పి.ఎఫ్. అన్నిటికన్నా ఎక్కువ ఉన్నది దక్షిణ కొరియాలో అని తేలింది, లక్షకు సుమారు 45. ఆ దేశంలో అందరికీ ఒకే జాతీయ ఆరోగ్య బీమా, అందరి రికార్డులూ ఒకేచోట. మళ్లీ వల ముందుకొచ్చింది. జన్యువునూ వలనూ ఇంకా ఎవరూ పూర్తిగా విడదీయలేదని నా అభిప్రాయం.

కొరియా పేరు ఎత్తాను కనుక అక్కడ కొంచెంసేపు ఆగుతాను. నా దృష్టిలో ఐ.ఎల్.డి. చరిత్రలో అంత ముఖ్యమైన అధ్యాయం మరొకటి లేదు.

సియోల్‌లో చలికాలం గాలి బాగా పొడిగా ఉంటుంది. ఇళ్లలో నేల కింద నుంచి వేడి వస్తుంది, దాంతో గది మరింత ఎండిపోతుంది. అందుకే చాలా ఇళ్లలో గాలికి తడి కలిపే హ్యూమిడిఫయర్ ఉంటుంది. పసిపిల్లలున్న ఇంట్లో తప్పకుండా. ఆ యంత్రం నీళ్లలో పాచి పట్టకుండా కలిపే క్రిమిసంహారక ద్రవాలు 1994 నుంచి దుకాణాల్లో అమ్మారు. ఇంటిల్లిపాదికీ క్షేమం అనే భరోసాతో అమ్మారు. 2006 నుంచి పిల్లల వైద్యులు ఒక సంగతి గమనిస్తూ వచ్చారు. ఏటా వసంతంలో కొందరు చిన్నారులు అంతుపట్టని ఊపిరితిత్తుల జబ్బుతో వస్తున్నారు, చాలామంది చనిపోతున్నారు. వైరస్ కోసం వెతికారు, దొరకలేదు. 2011 వసంతంలో సియోల్‌లోని ఆసాన్ మెడికల్ సెంటర్‌లో గర్భిణులు, బాలింతలు ఒకరి తరువాత ఒకరు అదే జబ్బుతో ఐ.సి.యు.లో చేరారు. ఆ వైద్యులు ప్రభుత్వ వ్యాధి నియంత్రణ కేంద్రానికి కబురు పెట్టారు.

అప్పుడు జరిగింది మాస్టారు చేసే పనే, పెద్ద ఎత్తున. రోగుల ఇళ్లలో ఏముంది, వీళ్లలాంటివారే అయినా జబ్బు రానివారి ఇళ్లలో ఏముంది అని పోల్చి చూశారు. ఏం తిన్నారు, ఏ మందులు వాడారు, గదిలో ఏం పెట్టుకున్నారు అని అడిగారు. హ్యూమిడిఫయర్ క్రిమిసంహారకం వాడినవారికి ముప్పు సుమారు 47 రెట్లు అని తేలింది. ఆ ఆగస్టులోనే ప్రజలను వాడవద్దన్నారు. నవంబరులో, జంతువులపై పరీక్షల తరువాత, సరుకు వెనక్కి తెప్పించారు. ప్రధాన దోషి పి.హెచ్.ఎం.జి. అనే రసాయనం. చర్మం మీద పడితే పెద్దగా హాని చేయదు. యంత్రం దాన్ని పొగమంచులాంటి తుంపరగా మార్చి, రాత్రంతా నిద్రపోతున్న తల్లీబిడ్డల గాలిగదుల దాకా చేర్చింది. పీలిస్తే ఏమవుతుందో అమ్మకానికి ముందు సరిగ్గా పరీక్షించలేదు. జబ్బు చలికాలంలో కాకుండా వసంతంలో ఎందుకు బయటపడింది? చలికాలమంతా పీల్చిన విషం అప్పటికి పేరుకుంది గనుక. బాధితులమని ప్రభుత్వానికి చెప్పుకున్నవారు వేలల్లో ఉన్నారు. వారిలో మరణాలు వెయ్యి దాటాయి. సరుకు ఆపిన తరువాత ఆ జబ్బు కొత్త కేసులు రావడం ఆగిపోయింది.

ఒక మాట దాచను. ఆ కథ చదివినప్పుడల్లా నాకు 2006 నుంచి 2011 మధ్య ఐదు వసంతాలే గుర్తొస్తాయి. పిల్లల వైద్యులు ఎవరికి వారు కొన్ని కేసులు చూశారు. వాటన్నిటినీ కలిపే రిజిస్టరు ఒక్కటి ఉండి ఉంటే? గర్భిణులు ఒకే ఆసుపత్రిలో, ఒకే వసంతంలో చేరారు కాబట్టి జబ్బు కంటపడింది. విడివిడిగా చేరి ఉంటే ఇంకెన్ని వసంతాలు గడిచేవో.

జపాన్‌లోనూ ఇల్లే కారణమైన జబ్బు ఒకటుంది. దానికి వేసవి న్యుమోనైటిస్ అని పేరు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా, వేడి, తేమ కలిసిన దక్షిణ, పశ్చిమ ప్రాంతాల్లో, పాత చెక్క ఇళ్లలో వస్తుంది. నానిన చెక్కలో, చాపల్లో ట్రైకోస్పోరాన్ అనే బూజు పెరుగుతుంది. ఎక్కువగా ఇంట్లో ఉండే ఆడవాళ్లకు దగ్గు, జ్వరం, ఆయాసం. ఆసుపత్రిలో చేర్చగానే మందు లేకుండానే తగ్గుతుంది. ఇంటికి వెళ్లగానే మళ్లీ మొదలు. జపాన్‌లో పడకపోవడం వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బుల్లో నాలుగింట మూడు వంతులు ఇదేనని ఒక దేశవ్యాప్త సర్వేలో తేలింది. చలి ఎక్కువైన హొక్కైదోలో దాదాపు కనిపించదు. జపాన్ నుంచి మరో పాఠం కూడా వచ్చింది. ఊపిరితిత్తుల కేన్సర్ మందు జెఫిటినిబ్‌ను ప్రపంచంలో మొదట అనుమతించిన దేశం అదే, 2002 జూలైలో. సుమారు మూడు నెలలకే అత్యవసర హెచ్చరిక ఇవ్వాల్సి వచ్చింది. ఆ మందు వల్ల ఐ.ఎల్.డి. వచ్చినవారు జపాన్‌లో సుమారు 2 శాతం, అమెరికాలో 0.3 శాతం. ఒకే గోలీ, రెండు దేశాలు.

ఇప్పుడు మన దేశం సంగతి. 2012 మార్చి నుంచి 2015 ఏప్రిల్ దాకా 19 నగరాల్లో, 27 ఆసుపత్రుల్లో ఐ.ఎల్.డి.-ఇండియా రిజిస్ట్రీ నడిచింది. 1,084 మంది రోగులు. ప్రతి కేసునూ సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయ నిపుణులతో కలిసి చర్చించి పేరు పెట్టారు. పడమటి దేశాల పుస్తకాలు చదివిన మనం ఐ.పి.ఎఫ్. మొదట ఉంటుందనుకున్నాం. అది 13.7 శాతంతో మూడో స్థానంలో ఉంది. మొదట నిలిచింది హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్, అంటే మా పావురాల ఆవిడ జబ్బు. 47.3 శాతం. ఆ రోగుల్లో దాదాపు సగం మంది ఇళ్లలో ఎయిర్ కూలర్ వాడినవారే. మన వేసవిలో కూలర్ లేని మధ్యతరగతి ఇల్లు ఏది? ఆ గడ్డి తడికలను చాలా ఇళ్లలో రెండు మూడేళ్లు మార్చరు. అడుగున నిలిచిన నీళ్లను వేసవి అంతా ఒంపరు. జపాన్ చెక్క ఇంట్లో బూజు ఎలా పెరిగిందో మన కూలర్ తడికలో అలాగే పెరుగుతుంది. పైగా ఇక్కడ వెనకాల ఫ్యాన్ ఉంది, అది ఆ బూజును నేరుగా మంచం మీదికి విసురుతుంది.

ఈ లెక్కతో అందరూ ఏకీభవించలేదు, అది తెలుసుకోవాలి. చండీగఢ్‌లోని పి.జి.ఐ. వైద్యులు 803 మందిని చూసి 2018లో ప్రచురించిన లెక్కలో మొదటి స్థానం సార్కాయిడోసిస్‌ది, 42.2 శాతం. ఐ.పి.ఎఫ్. 21.2. హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్ 10.7 మాత్రమే. 47 ఎక్కడ, 10 ఎక్కడ! ఉత్తరాది, దక్షిణాది తేడా అని సరిపెట్టలేం. బ్రాంకోస్కోపీ బాగా చేసే పెద్ద సంస్థకు చుట్టుపక్కల నాలుగు రాష్ట్రాల వైద్యులు గ్రంథులు వాచిన రోగులను పంపుతారు, అందుకే అక్కడ సార్కాయిడోసిస్ కుప్పపడుతుంది. హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్‌ను ఎలా నిర్ధారించాలో అమెరికా, జపాన్, లాటిన్ అమెరికా సంఘాలు కలిసి మార్గదర్శకాలు రాసింది 2020లో. అంతకుముందు ‘ఇంట్లో కూలర్ ఉందా?’ అన్న ప్రశ్నకు ఎంత బరువివ్వాలో ఎవరిష్టం వారిది. నన్నడిగితే రిజిస్ట్రీ లెక్క కొంచెం ఎక్కువ చూపింది, చండీగఢ్ లెక్క కొంచెం తక్కువ చూపింది. నిజం మధ్యలో ఉంది, రిజిస్ట్రీకే కొంచెం దగ్గరగా. ఈ రెండూ ఆసుపత్రి గుమ్మం దాకా రాగలిగిన వారి లెక్కలే. ఊళ్లో ఎందరున్నారన్న ప్రశ్నకు వీటిలో జవాబు ఉండదు.

ఆ గుమ్మం దాకా రాకుండానే ఎందరు ఆగిపోతున్నారో మనందరికీ తెలుసు. ప్రపంచంలోని టీబీ కేసుల్లో సుమారు నాలుగో వంతు మన దేశంలోనివే. ఛాతీ ఎక్స్‌రేలో మచ్చ కనిపిస్తే టీబీ అనుకోవడం మన వైద్యుల తప్పు కాదు, మనం పెరిగిన నేల అలాంటిది. తప్పంతా కళ్లెలో క్రిమి లేకపోయినా, మందులకు గుణం కనపడకపోయినా మళ్లీ అదే మందు రాయడంలో ఉంది. ఐ.పి.ఎఫ్.ను నెమ్మదింపజేసే పిర్ఫెనిడోన్‌ను జపాన్ 2008లో, అమెరికా 2014లో అనుమతించాయి. మన దేశంలోనూ దొరుకుతుంది. కాని ఈ మందు జబ్బు వేగాన్ని తగ్గిస్తుంది, పోయిన ఊపిరిని తిరిగి ఇవ్వదు. టీబీ మందుల మీద గడిచిపోయిన రెండేళ్లను ఏ మందూ తేలేదు.

ఇక మన రెండు రాష్ట్రాలు. మార్కాపురం పలకలు కోసినవాళ్ల, చీమకుర్తి గ్రానైట్ పాలిష్ చేసేవాళ్ల, కోలారు బంగారు గనుల్లోకి దిగిన తెలుగు కుటుంబాల ఊపిరితిత్తుల్లో రాతిధూళి ఎంత పేరుకుందో లెక్క రాసే జిల్లా పుస్తకం ఏది? ఇప్పుడు అపార్టుమెంట్ల వంటగట్లకు కృత్రిమ క్వార్ట్జ్ రాయి వస్తోంది. కోస్తే దాని ధూళిలో సిలికా చాలా ఎక్కువ. దాన్ని కోసే కుర్రవాళ్లలో సిలికోసిస్ చూసి ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుంచి ఆ రాయినే నిషేధించింది. అక్కడ కార్మికులను వరసగా పరీక్షించారు, లెక్క తేలింది, చట్టం వచ్చింది. మన నగరాల్లో ముక్కుకు రుమాలు కట్టుకుని ఆ రాయి కోసే పిల్లవాడు రేపు ఆయాసంతో వస్తే, అతని కేస్‌షీటులో మనం రాయబోయేది ‘కూలి’ అనే.

అందుకే ఈ సభను రెండు కోరికలు కోరతాను. మొదటిది ఇప్పుడు వైద్యం చదువుకుంటున్న పిల్లలకు. ఆయాసంతో వచ్చిన ప్రతి రోగి కేస్‌షీటులో చేస్తున్న పని, అంతకుముందు చేసిన పనులు, ఇంట్లో కూలర్, పక్షులు, తడిగోడలు ఉన్నాయో లేవో మూడు గీతల్లో రాయండి. రాయడానికి రెండు నిమిషాలు పట్టదు. రెండోది మన వైద్య కళాశాలల పెద్దలకు. బెర్నలీయో జనాభా అయిదు లక్షలు. అంత ప్రాంతం ఒకటి, ఏ రెవెన్యూ డివిజనైనా సరే, ఎంచుకోండి. అక్కడి సర్కారు దవాఖానా, నర్సింగ్ హోములు, సీటీ సెంటర్లు, టీబీ యూనిట్లు, మరణాల రిజిస్టరు అన్నీ కలిపి ఐదేళ్లు లెక్క రాయండి. మాస్టారి పేరున పోగైన ఈ నిధిలో ఉపన్యాసానికి ఇచ్చే పారితోషికం నాకు వద్దు. దానితో ఆ రిజిస్టరు కొనండి. వచ్చే సోమవారం ఓ.పి. నుంచే మొదటి పేరు రాయండి.